కొలతల పుస్తకంలో ఒకే మనిషి

లాయరుగారి ఆఫీసు, మూడో అంతస్తు,
ఫైళ్ల గుట్టకు వెనుకవైపు.
సెప్టెంబరు 9

మహారాజశ్రీ కటింగ్ మాస్టర్ బాబాయిగారి దివ్యసముఖమునకు,

తమ అన్నగారి ఏకైక పుత్రిక, పట్టభద్రురాలు, న్యాయశాస్త్ర కోవిదురాలు, ప్రస్తుతం పై ఆఫీసులో ఫైళ్లు మోయుటకు నియమింపబడిన గుండుసూది వ్రాయునది ఏమనగా: చేరి ఆరు వారాలైంది. ఇంతవరకు నేను కోర్టులో పలికిన మాటలు మొత్తం మూడు. "సార్, ఫైలు ఇదిగోండి." మూడూ స్పష్టంగానే పలికానని మా సీనియర్ మెచ్చుకున్నారు.

ఇంట్లోవాళ్లెవరినీ చూడనని ఆసుపత్రివాళ్లకు రాసిచ్చావట. సరే. మనుషుల్ని రావద్దనవచ్చు గానీ కవర్లను ఆపలేవు. లాయరు ముద్ర ఉన్న కవరు గనక ఇది ఎవరూ విప్పకుండా నీ చేతికే వస్తుంది. ఇదీ నా చదువు వల్ల కుటుంబానికి ఒనగూరిన మొట్టమొదటి లాభం.

ఇక నవ్వులాట పక్కనపెట్టి ఒక మాట సూటిగా రాస్తాను. ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రావడం లేదు. మే నెలలో ఒక పొద్దున, వర్క్‌షాపుకు ఇంకెవరూ రాకముందు, పద్దెనిమిదేళ్లుగా నీకు స్నేహితుడైన ఇస్త్రీ మేస్త్రిని, నువ్వు ఇస్త్రీపెట్టెతో తలమీద కొట్టి చంపావు. పోలీసులు వచ్చేసరికి మెట్లమీద కూర్చుని ఉన్నావు. "అతను మేస్త్రి కాదు, మేస్త్రిని తొడుక్కుని ఇంకెవరో వచ్చారు" అన్నావు.

నీకు జబ్బని మాకు తెలుసు. కోర్టుకు తెలియాలి. తెలిస్తే ఆసుపత్రి, తెలియకపోతే జీవితాంతం జైలు. "పట్టుబడిన రోజే పుట్టిన జబ్బును ఏ జడ్జీ నమ్మడు. పాత కాగితం పట్టుకురా" అన్నారు మా సీనియర్. పదేళ్ల కిందట నిన్నెక్కడో డాక్టరుకు చూపించారని అమ్మ నోరుజారింది. నాన్నని అడిగితే "ఏమో, గుర్తులేదు" అని బస్సు ఎక్కేశాడు. ఆ బస్సు నడిపేది ఆయనే గనక ఆపలేకపోయాను.

ఏ ఆసుపత్రి బాబాయ్? పేరు ఒక్కటి రాయి చాలు.

ఇంకొకటి. ఏప్రిల్‌లో నువ్వు కుట్టిన నల్లకోటు వేసుకునే కోర్టుకు వెళుతున్నాను. భుజాలు ఇంత కుదురుగా కూర్చున్న కోటు అక్కడ జడ్జిగారికి కూడా లేదు. నీకెప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఇట్లు,
గుండుసూది

* * *

ఆసుపత్రి, ఆరో వార్డు,
కిటికీ పక్క మంచం.
అక్టోబరు 3

అమ్మడూ,

ఉత్తరం అందింది. చదవడానికి రెండు రోజులు పట్టింది. అంత చదువు చదివినా నీ అక్షరాలింకా కోడి కెలికినట్టే ఉన్నాయి.

నేను ఏ ఆసుపత్రికీ వెళ్లలేదు. మీ అమ్మ పొరబడింది. వదినతో అలాగని అనకు, నొచ్చుకుంటుంది.

ఇక్కడివాళ్లు మంచివాళ్లు. అన్నం పెడతారు, మందు ఇస్తారు, పేరు పెట్టి పిలుస్తారు. వచ్చిన కొత్తలో ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి, మేస్త్రి మేస్త్రే అని తెలిసింది. కిటికీలోంచి గోడ కనబడినట్టు మామూలుగా, స్పష్టంగా తెలిసింది. అప్పటికి ఆయన పోయి మూడు నెలలైంది. ఆయన కోసం నేను ఏడ్చిన మొదటిరోజు అది. పక్క మంచం ఆయన తన దుప్పటి కూడా తెచ్చి నాకు కప్పాడు. ఆయనకు నా పేరు కూడా తెలియదు.

మీ సీనియర్‌గారికి నా తరఫున దండం పెట్టి చెప్పు. నేరం ఒప్పుకుంటాను. పిచ్చి అనే మాట వద్దు. చేసింది నేను. నువ్వు ఈ కేసు కాగితాలు మోయకు, చేతులు నొప్పి.

కోటు ఎడమచేతి గుండీ కొంచెం వదులుగా వేశాను. చూసుకో.

బాబాయి

* * *

అదే ఆఫీసు, అదే గుట్ట (పెరిగింది).
నవంబరు 11

గుండీ గురించి రెండు వాక్యాలు, ప్రాణం గురించి రెండు వాక్యాలు రాసిన బాబాయికి,

గుండీ బిగించాను. ఇప్పుడు మిగతా సంగతి.

నీకు న్యాయశాస్త్రం బోధించే మహద్భాగ్యం నాకు దక్కింది. చేతులు కట్టుకుని విను. జబ్బు ఉన్నంత మాత్రాన కోర్టు వదలదు. ఆ పని చేసిన నిమిషంలో, తను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో గ్రహించే స్థితిలో మనిషి లేడని చూపించాలి. అప్పుడే అది నేరం కాదు. చూపించాల్సింది మనమే. అవతలి వకీలుగారు నోరు మెదపక్కర్లేదు. కానీ ఆయన మెదపకుండా ఉండే మనిషి కాదు. ఆయన పట్టుకున్నది ఒకే ఒక్క ముక్క: కొట్టాక నువ్వు ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపావు. "బట్ట కాలకూడదని తెలిసినవాడికి మనిషి చావకూడదని తెలియదా?" అంటున్నారు. వరండాలో నలుగురి ముందు అభ్యాసం కూడా చేస్తున్నారు. విన్నాను.

మొన్న సీనియర్‌తో కలిసి మేస్త్రిగారి భార్య దగ్గరికి వెళ్లాను. తలుపు తీసింది. కూర్చోమనలేదు. మేమూ కూర్చోలేదు.

"మీకోసం నేనేం చెప్పను. అడిగితే ఉన్నది చెప్తాను. అంతే" అంది.

"ఉన్నదే కావాలమ్మా" అన్నారు సీనియర్.

"రోజూ పొద్దున్నే మీ మనిషి మా ఆయన్ని కొలిచేవాడు. నలభై రోజులు. చొక్కాకూ కాదు, కోటుకూ కాదు. ఊరికే. ఇదేం చోద్యం అని అడిగాను ఆయన్ని. 'వాడికి కొలిస్తేగాని మనసు నిలవట్లేదే. చేతులు చాపి నిలబడితే నేనేమైనా అరిగిపోతానా?' అన్నారు."

ఇంకేమీ చెప్పలేదు. తలుపేసుకుంది.

తిన్నగా ఆఫీసుకొచ్చి, పోలీసులు పట్టుకున్న సామాను లిస్టు తిరగేశాను. నీ కొలతల పుస్తకం ఉంది. దాని లోపలికి ఎవరూ చూసిన పాపాన పోలేదు. నలభై ఒక్క పేజీలు. ప్రతి పేజీలో ఒకే పేరు, మేస్త్రి. తేదీ, భుజం, ఛాతీ, చెయ్యి. ఏం కుట్టాలి అన్న గడి ప్రతిచోటా ఖాళీ. ఆఖరి పేజీలో తేదీ ఒక్కటే ఉంది, కొలత లేదు.

ఏమిటిది బాబాయ్? ఆ ఆసుపత్రి పేరేమిటి? ఈ రెండింటికీ జవాబు రాసేదాకా వారానికో ఉత్తరం, ఇదే కోడి కెలుకుడులో, నీమీద ప్రయోగించబడును.

గుండుసూది

* * *

ఆరో వార్డు.
నవంబరు 29

గుండుసూదీ,

మొదటిదానికి జవాబు రాస్తాను. రాయాలి కూడా. ఆయన మంచితనం కాగితంమీద ఎక్కడో ఒకచోట ఉండాలి.

పద్దెనిమిదేళ్లలో మేస్త్రికి ఇరవై దాకా చొక్కాలు కుట్టాను. టేపు అక్కర్లేదు. ఆయన భుజం పదిహేడున్నర. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఏప్రిల్‌లో బడి యూనిఫారాల పని మీదపడింది. అప్పుడొక పొద్దున ఆయన నా పక్కనుంచి నడిచి వెళుతుంటే భుజం తేడాగా కనిపించింది. కొలిచాను. పదిహేడుంబావు. పావు అంగుళం ఎక్కడికి పోతుందమ్మా? మనిషి పెరుగుతాడు, బక్కచిక్కుతాడు, భుజం ఎముక తగ్గదు. మర్నాడు మళ్లీ కొలిచాను, పదిహేడున్నర. హమ్మయ్య అనుకున్నాను. ఆ మర్నాడు మళ్లీ తక్కువ. అంటే కొన్ని రోజులు మేస్త్రి వస్తున్నాడు, కొన్ని రోజులు ఇంకెవరో వస్తున్నారు. నాకు అలాగే అర్థమైంది. మిగతాదంతా దానిమీదే కట్టుకుంటూ పోయాను. అసలు మేస్త్రిని ఎక్కడో దాచారు, వీణ్ణి వదిలించుకుంటే ఆయన తిరిగి వస్తాడు. అది నాకు అనుమానం కాదు. నీ పేరు నీకు తెలిసినంత గట్టిగా తెలుసు.

ఆ పావు పోయింది నేను టేపు పట్టుకోవడంలో అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

ఆయన ఒక్కరోజు విసుక్కోలేదు. "రారా మాస్టరూ, ఇవాళ నేనున్నానో లేదో చూసి చెప్పు" అనేవాడు. నవ్వించడానికి. ఉన్నానని తేలితే నాకంటే ఆయనకే సంతోషం. తేలకపోతే "రేపు వస్తాన్లే" అనేవాడు. నన్ను పిచ్చివాడని ఎవరితోనూ అనలేదు. యజమానికి చెప్పలేదు. ఒక్కమాట చెబితే నా పని పోయేది, ఆయన ప్రాణం దక్కేది.

ఆ పొద్దున కూడా చేతులు చాపాడు.

స్విచ్ సంగతి. ఆ గదిలోంచి ఆఖరున బయటికొచ్చేవాడు ఇస్త్రీపెట్టె ఆపాలి. ముప్పై ఏళ్ల అలవాటు. చెయ్యి ఆపింది. ఇంతకంటే నాకేం తెలియదు. అవతలి వకీలుగారిమీద నాకు కోపం లేదు. మేస్త్రి తరఫున ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి కదా.

రెండో ప్రశ్నకు జవాబు లేదు. ఏ ఆసుపత్రీ లేదు.

బాబాయి

* * *

ఆఫీసు. మధ్యాహ్నం. సీనియర్ కునుకు తీస్తున్నారు.
డిసెంబరు 18

బాబాయ్,

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా నేను జోకు వెయ్యలేదు. ఆఫీసులో నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశారు.

ఏ ఆసుపత్రీ లేదన్నావు కదా. ఉంది. దొరికింది. నాన్న ప్రతినెలా మొదటి ఆదివారం "టైర్ల కంపెనీలో పని ఉంది" అని వెళ్లేవాడు చూడు, ఆ దారినే వెళ్లాను. అక్కడ టైర్ల కంపెనీ లేదు, మానసిక వైద్యశాల ఉంది. నీ పేరు చెబితే గుమాస్తా మూడు రిజిస్టర్లు తిప్పి "లేడమ్మా" అన్నాడు. ఇంటిపేరు చెబితే "ఒకాయన ఉన్నాడు. బస్సు డ్రైవరు" అన్నాడు.

పదేళ్లుగా ఆ పుస్తకంలో రోగి మా నాన్న.

ఆ డాక్టరుగారు ఇప్పటికీ ఉన్నారు. ముసలాయన, చెవిలో మిషను. నోట్సు తీసి చూపించారు. "రోగి వృత్తి: బస్సు డ్రైవరు. ఇబ్బంది: మాత్రలు మొదలుపెట్టాక చెయ్యి వణుకుతోంది, కాలరు మలుపు దగ్గర కత్తెర పక్కకు పోతోంది." ఇంకో పేజీలో, "గుండీల కాజాలు సరిగ్గా రావడం లేదని బాధపడుతున్నాడు."

"డాక్టరుగారూ, బస్సుకు కాలరెక్కడుంటుందండీ?" అని అడిగాను.

"డ్రైవరుకు కుట్టుపని సరదా కాబోలు అనుకున్నానమ్మా. నా దగ్గరికి వచ్చేవాళ్లలో అది పెద్ద వింతేం కాదు" అన్నారాయన.

నీ ఫొటో చూపిస్తే "ఇతనే డ్రైవరు" అని టక్కున అన్నారు. అసలు డ్రైవరు ఫొటో చూపిస్తే "ఇతను తోడు వచ్చే తమ్ముడు" అన్నారు.

నాకిప్పుడంతా అర్థమైంది. పదేళ్ల కిందట, ఆ ఏడే నిన్ను కటింగ్ మాస్టర్‌ని చేయబోతున్నారు. ఇలాంటి చీటీ ఉన్నవాడి చేతికి కత్తెర ఇవ్వరని నాన్న తన పేరు ఇచ్చాడు. నీ మేడమీద గదిలో మాత్రల డబ్బా చూసి నేను బీపీ అనుకున్నాను. ఇంత చదువుకున్నదాన్ని!

ఒక్కటే అర్థం కాలేదు. మాత్రలు తీసుకున్న గళ్లు పోయినేడు నవంబరు దాకా ఉన్నాయి. తర్వాత ఖాళీ.

ఫొటో చూసి చెప్పింది చాలదని సీనియర్ అంటున్నారు. చెవి సరిగా వినబడని సాక్షిని అవతలి వకీలుగారు పది నిమిషాల్లో తికమక పెడతారట. నాన్న బోనెక్కి, "ఆ పేరు నాది, జబ్బు వాడిది, రాయించింది నేను" అని చెప్పాలి. చెబితే డిపోవాళ్లు ఊరుకోరు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. అడిగాను. లేచి బాత్‌రూములోకి వెళ్లి గంటసేపు కుళాయి తిప్పి ఉంచాడు. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడకూడదని.

నువ్వు ఒక మాట రాస్తే వింటాడు. రాస్తావా?

గుండుసూది

* * *

ఆరో వార్డు.
జనవరి 5

అమ్మడూ,

రాయను.

నా కత్తెర కోసం పదేళ్లు పిచ్చివాడిగా పేరు రాయించుకున్న మనిషి. ఆ హాల్లో డాక్టరు "బస్సు డ్రైవరుగారూ" అని కేకేస్తే నేను లేచేవాణ్ణి, అన్నయ్య తల వంచుకుని నా వెనకే వచ్చేవాడు. పక్కవాళ్లంతా ఆయన్ని చూసి జాలిపడేవారు, తమ్ముడివి నువ్వు ఎంత ఓపికగా చూసుకుంటున్నావయ్యా అని. చిన్నవాడని పొరబడ్డందుకు ఆయనకు లోపల సంబరమేనని నా అనుమానం.

అలాంటివాడికి అవతలి వకీలుగారి చేత "అబద్ధాలకోరు" అనిపిస్తావా? ఆయన్ని బోనెక్కిస్తే నేను లేచి నిలబడి, అన్నీ తెలిసే చేశానని చెప్తాను. మీ సీనియర్‌కి చెప్పు.

చలిగా ఉంది. నర్సమ్మ ఎవరిదో పాత స్వెట్టరు తెచ్చిచ్చింది. చేతులు పొట్టి. అయినా వెచ్చగా ఉంది.

బాబాయి

* * *

ఇల్లు. వంటగది బల్ల.
ఫిబ్రవరి 20

బాబాయ్,

పదహారో తేదీన నీకు జ్వరమనీ, కోర్టుకు తీసుకురాలేమనీ ఆసుపత్రివాళ్లు కాగితం పంపారు. నువ్వు లేకపోయినా సాక్ష్యం నడిపించవచ్చని జడ్జిగారు అన్నారు. లేచి నిలబడి ఒప్పేసుకుంటానన్న మనిషి ఆ రోజు లేవలేకపోయినందుకు, నీ జ్వరానికి మా ఆఫీసు ప్రగాఢ కృతజ్ఞతలు తెలుపుకుంటోంది.

జోకులు ఇక్కడితో అయిపోయాయి.

నాన్నని ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు. డ్యూటీ యూనిఫారంలో వచ్చాడు, నువ్వు కుట్టినది. బోనులో నిలబడి మొత్తం చెప్పాడు, పేరు ఎందుకిచ్చాడో, నిన్ను ఎలా తీసుకెళ్లేవాడో. అవతలి వకీలుగారు లేచారు.

"అంటే పదేళ్లు ఆసుపత్రిని మోసం చేశారు. ఇప్పుడు కోర్టును మోసం చెయ్యడం లేదని మేమెలా నమ్మాలి?"

"అబద్ధం ఆడినన్నాళ్లూ నా ఉద్యోగం ఉందండి. ఇవాళ నిజం చెప్పాను, రేపు ఉండదు. ఏది నమ్మాలో తమరే చూసుకోండి" అన్నాడు నాన్న.

వకీలుగారు ఒక క్షణం కాగితాలు సర్దుకున్నారు.

"సరే. అంత పెద్ద జబ్బయితే మరి మీ తమ్ముడు మాత్రలు ఎందుకు మానేశాడు?"

"వాడు మానలేదండి. నేను మాన్పించాను."

మా సీనియర్ పెన్ను కింద పెట్టేశారు. ఆయనకూ తెలియదు.

మాత్రల గళ్లు ఆగిపోయిన ఆ నవంబరులోనే డిపోలో డాక్టరు చెకప్ జరిగిందట. చొక్కా తీసినప్పుడు జేబులోంచి మందుల చీటీ పడింది. నాన్న పేరుతో, పిచ్చి మాత్రలు. "ఇవి వేసుకుంటూ బస్సు నడుపుతున్నావా?" అని పట్టుకున్నారు. "లేదండీ, ఎప్పుడో మానేశాను, పాత చీటీ" అని బయటపడ్డాడు. మళ్లీ దొరికిపోతానేమోనని ఆ నెలనుంచి ఆసుపత్రి వైపు వెళ్లలేదు. నీతో, "డాక్టరుగారు నీకు నయమైపోయిందన్నారు, ఇక చాలన్నారు" అని చెప్పాడు. డాక్టరుగారు ఏమీ అనలేదు బాబాయ్. ఆయన్నసలు కలవనేలేదు.

ఇంకా ఉంది. మే నెల మొదట్లో మేస్త్రి డిపోకు వెళ్లి నాన్నని కలిశాడట. "అన్నా, మాస్టరుకి ఒంట్లో బాగుండలేదు, ఒకసారి ఎవరికైనా చూపించు" అన్నాడట. "ఎవరితోనూ అనకు, నేను చూసుకుంటాను" అని పంపించేశాడట నాన్న. చూసుకోలేదు. యూనిఫారాల పని అయిపోయాక చూద్దాంలే అనుకున్నాడట.

ఇదంతా ఆయన చెబుతుంటే మేస్త్రి భార్య మూడో బల్లమీద కూర్చుని ఉంది. అటు చూడలేకపోయాను.

నాలుగు రోజులైంది. నాన్నతో నేను మాట్లాడలేదు. పొద్దున్నే నా పక్కన టీ పెట్టి వెళతాడు. చల్లారిపోతుంది. నీకు ఈ సంగతి రాయాలా వద్దా అని నాలుగు రోజులూ ఆలోచించాను. ఆయన వల్లే నువ్వక్కడ ఉన్నావు. ఆయన వల్లే మేస్త్రి లేడు. రేపో ఎల్లుండో ఆయన వల్లే నువ్వు జైలు తప్పించుకుంటావు. ఈ మూడూ ఒకే మనిషిలో ఎలా పెట్టుకోవాలో నాకే కాలేజీలోనూ చెప్పలేదు.

నీ
గుండుసూది

* * *

ఆరో వార్డు.
మార్చి 2

తల్లీ,

నాకు తెలుసు.

కోర్టులో చెప్పిందంతా తెలియదు. చీటీ పడిందని తెలియదు, మేస్త్రి డిపోకు వెళ్లాడని తెలియదు. కానీ డాక్టరు చాలన్నాడని అన్నయ్య చెప్పినప్పుడు ఆయన నా కళ్లలోకి చూడలేదు. అబద్ధమాడేటప్పుడు మీ నాన్న చెవి గోక్కుంటాడు. చిన్నప్పటినుంచీ అంతే. ఆ రోజు రెండు చెవులూ గోక్కున్నాడు.

నేను అడగలేదు. ఏ డాక్టరు, ఎప్పుడన్నాడు, నన్ను చూడకుండా ఎలా అన్నాడు అని ఒక్కమాట అడగలేదు. ఎందుకంటే పది రోజుల్లో నా చెయ్యి వణకడం ఆగింది. పదేళ్లుగా కాలరు దగ్గర ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని కత్తిరించినవాణ్ణి. డిసెంబరులో ఒకరోజు ఒంటి చేత్తో మలుపు తిప్పాను. గీతమీద గీత. మేస్త్రి చూసి "ఓరి నీ దుంపతెగ, పడుచువాడివైపోయావు!" అన్నాడు. ఆ సంతోషం నాకు కావలసి వచ్చింది. అందుకని నమ్మినట్టు నటించాను.

మా అన్నదమ్ములకు పంచుకోవడానికి పొలం లేదు, ఇల్లు లేదు. ఈ తప్పు ఉంది. చెరిసగం. తన వాటా ఎక్కువని మీ నాన్న వాదిస్తే ఒప్పుకోవద్దు. నువ్వు లాయరువి, కాగితం రాసి సంతకం పెట్టించు.

ఇంకొకటి. ఆయన తనంతట తనే వచ్చి నిలబడ్డాడు. ఆ బోనులో నిలబడడం ఎంత కష్టమో ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆయన తమ్ముడిగా పుట్టినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను, చాలాకాలానికి. లేచి ఒప్పుకుంటానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన అంత చెప్పాక నేను అబద్ధం ఆడితే ఆయన పరువు తీసినట్టే.

టీ తాగు. చల్లారినా సరే.

బాబాయి

* * *

ఆఫీసు. గుట్ట ముందువైపు (నాకు కుర్చీ ఇచ్చారు).
ఏప్రిల్ 22

గౌరవనీయ ముద్దాయి బాబాయికి, క్షమించు, మాజీ ముద్దాయి బాబాయికి,

తీర్పు నువ్వూ విన్నావు. కానీ జడ్జిగారు చదువుతున్నంతసేపూ నేలవైపే చూశావు గనక మళ్లీ రాస్తున్నాను. చంపింది నువ్వే. ఆ నిమిషంలో నీ బుద్ధి నీ వశంలో లేదు. అందుచేత నేరస్థుడివి కావు. ఆసుపత్రిలోనే ఉంచాలి. స్విచ్ గురించి జడ్జిగారు రాసింది ఒకే వాక్యం: "చేతి అలవాటు మనసు సాక్ష్యం కాదు." కొలతల పుస్తకం మీద నాలుగు పేజీలు రాశారు. అవతలి వకీలుగారు వరండాలో నా దగ్గరికొచ్చి "ఆ పుస్తకం పట్టింది నువ్వేనటగా?" అని అడిగారు. "అవునండి" అన్నాను. "హు" అన్నారు. ఆయన జీవితంలో ఇంతకంటే పెద్ద పొగడ్త ఎవరికీ దక్కలేదని గుమాస్తాలు చెబుతున్నారు.

నిన్ను వ్యాను ఎక్కించాక మేస్త్రి భార్య మెట్ల దగ్గర ఆగింది. నాన్న ఆమెవైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమె ఆయన్ని చూడలేదు. నన్నే అడిగింది.

"మందులు వేసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నాడండి."

"క్షమించానని చెప్పకు. క్షమించలేదు. వేసుకోమన్నానని మాత్రం చెప్పు."

అని వెళ్లిపోయింది. నాకు దండం పెట్టాలని గుర్తొచ్చేసరికి రోడ్డు దాటేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఆమె మనకేమీ బాకీ లేదు, అదీ చెప్పింది. ఇంతకంటే ఏ మనిషి ఏ మనిషికి ఇవ్వగలదో నాకు తెలియదు.

నాన్నని బస్సునుంచి దింపేశారు. తీసెయ్యలేదు. షెడ్డులో టైర్లు చూసే పని ఇచ్చారు. పదేళ్లు ప్రతి మొదటి ఆదివారం చెప్పిన అబద్ధం చివరికి నిజమైందని నేనంటే, చాలా రోజుల తరవాత నవ్వాడు. మేం మాట్లాడుకుంటున్నాం. టీ వేడిగానే తాగుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కొంతకాలం గడిచాక, దగ్గరి బంధువు బాధ్యత తీసుకుంటానని దరఖాస్తు పెడితే, డాక్టర్లు సరేనంటే, నిన్ను ఇంటికి పంపించవచ్చు. నాన్న ఆ ఫారం తెచ్చాడు. నింపేశాడు కూడా. ఈసారి పేర్లు సరిగ్గా రాశాడో లేదోనని మూడుసార్లు నా చేత చదివించాడు. పెట్టమంటావా?

గుండుసూది

* * *

ఆరో వార్డు.
మే 10

గుండుసూదీ,

అన్నయ్య పోయిన ఆదివారం వచ్చాడు. ఎవరినీ చూడనని ఇచ్చిన కాగితం చింపించేశాను. గేటు దగ్గర ఎవరిని చూడాలని అడిగితే హాలంతా వినబడేలా నా పేరు చెప్పాడట, అక్కడి జవాను నవ్వుతూ చెప్పాడు. ఇద్దరం బల్లమీద కూర్చున్నాం. మొదటి అరగంట టైర్ల గురించి చెప్పాడు. విన్నాను. టైర్లలో ఇంత సంగతి ఉందని తెలియదు. తర్వాత ఏడ్చాడు. దాని గురించి రాయను, ఆయన ఒప్పుకోడు.

ఆ ఫారం ఇప్పుడు పెట్టొద్దని చెప్పాను. చింపొద్దన్నాను. బీరువాలో దాచమన్నాను. అడిగేరోజు నేనే అడుగుతాను. ఆయన బాధపడ్డాడు, ఇంకా కోపం ఉందేమోనని. కోపం కాదని నువ్వు చెప్పు. నాకు మాట సరిగ్గా రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, చదివి వినిపించు.

ఇక్కడ మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోరు. మింగాక నోరు తెరవమంటారు. నాలుక పైకెత్తమంటారు. బుగ్గల పక్కన చూస్తారు. మొదట్లో నాకు చచ్చేంత అవమానంగా ఉండేది. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి, ముప్పై మంది చేత పని చేయించినవాణ్ణి, పసిపిల్లాడిలా "ఆ" అనమంటారేమిటి అని. ఒకరోజు నర్సమ్మతో అన్నాను కూడా, "నమ్మకం లేదా తల్లీ?" అని. ఆమె ఏమందో తెలుసా? "నమ్మకం ఉంది మాస్టరుగారూ. అయినా చూస్తాను. నా పని అదే."

ఆ మాట నేను చాలా రోజులు ఆలోచించాను. మా ఇంట్లో మేమంతా ఒకరినొకరం ఎంతగానో నమ్ముకున్నాం, ప్రేమగానే. అందుకే ఎవరూ చూడలేదు. నేను అన్నయ్యని చూడలేదు, అన్నయ్య నన్ను చూడలేదు. నువ్వు డబ్బా చూసి బీపీ అనుకున్నావు. ఆ చలికాలంలో ఎవరైనా ఒక్కరు నా ముందు నిలబడి నోరు తెరవమని ఉంటే, ఇవాళ మేస్త్రి పొద్దున్నే వర్క్‌షాపుకు వెళ్లి ఉండేవాడు.

ఇంటికి వస్తే మీరు నన్ను మళ్లీ నమ్ముతారు. ఇప్పుడప్పుడే నాకు అది వద్దు. ఇంకొన్నాళ్లు నన్ను చూసే మనుషుల దగ్గర ఉండనీ. చెయ్యి వణుకుతోంది, ఈ అక్షరాలు చూశావుగా, నీవాటితో పోటీ పడుతున్నాయి. వణకనీ. మేస్త్రి ఇంటావిడ వేసుకోమంది. వేసుకుంటున్నానని నా నోటితో ఆమెకు ఎప్పటికీ చెప్పలేను, చెప్పకూడదు కూడా. రోజుకు రెండుసార్లు వేసుకుంటాను, అంతే.

నర్సమ్మ పళ్లెం పట్టుకుని ఈ వరసలోకి వచ్చింది. నాకంటే ముందు ముగ్గురున్నారు. ఇద్దరు. ఉంటాను, నోరు తెరవాలి.

బాబాయి